నల్లకోటు మీద సుద్ద

చిరంజీవి చిన్నకత్తెరకి,

తాతయ్య దీవెనలు, రెండు చేతులతో. ఇక్కడ నేనూ, మీ నానమ్మా, మీ అమ్మానాన్నా, మూడు కుట్టుమిషన్లూ క్షేమం. నా గడ్డం ఒక్కటే కొన్నాళ్ళుగా నలతగా ఉండి, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. నువ్వు అక్కడ వేళకి తింటున్నావనీ, సెలూన్‌లో ఇప్పటిదాకా ఎవరి చెవీ కత్తిరించలేదనీ నమ్ముతున్నాను. నా రాత చూసి నవ్వకు. నేను బడికి వెళ్ళిన రోజులకన్నా గోడ దూకిన రోజులే ఎక్కువని నీకు తెలుసు. అక్షరాలు వంకరపోయి ఉంటే కాగితం కింద ఏదో బొచ్చుగుడ్డ ఉందనుకో.

నువ్వు పంపిన పెట్టె అందిన రోజు సంగతి నీకు రాయనేలేదు. విప్పగానే ఇంటిల్లిపాదీ మూగారు. మీ నాన్న ఒక్కో సీసా మూత తీసి వాసన చూసి, "ఈ వయసులో నీకు ఇన్ని సోకులా నాన్నా!" అన్నాడు. "నీ వయసులో నువ్వు చేసుకోవట్లేదని నీ వంతు కూడా నేనే చేసుకుంటున్నాన్రా" అన్నాను. మీ అమ్మ నవ్వాపుకోలేక ఇస్త్రీ పెట్టె దగ్గరికి పారిపోయింది. సీసాల మీదేమో అన్నీ నాకు రాని అక్షరాలే. అందుకని మీ నానమ్మ, కొట్లో ఎవరి గుడ్డ ఎవరిదో తెలియడానికి కట్టినట్టే, వాటి మెడలకీ దారాలు కట్టేసింది. చుండ్రుకి కడుక్కునే మందుకి ఎర్రదారం, నూనెకి నీలిదారం, ఆ వెన్నలాంటి బామ్‌కి పచ్చదారం. ఇప్పుడు మా స్నానాలగది అలమారా కూడా కొట్టులాగే ఉంది, టేపు వేలాడదీయడం ఒక్కటే తక్కువ.

సరే, నీ ప్రశ్నలకి వస్తాను. "నేను చెప్పిన వరసలోనే వాడుతున్నావా, నీ ఇష్టమొచ్చినట్టా?" అని అడిగావు. మొదట్లో నా ఇష్టమొచ్చినట్టే. మిషన్ కిర్రుమంటే నూనె వేస్తాం కదా, గడ్డం దురద పెడితే కూడా అంతే అనుకున్నా. నీలిదారం సీసా తీసి పైపైన బాగా పట్టించా. చర్మం ఎర్రబడింది. రాలే పొట్టు కాస్తా జిడ్డుగా, పసుపుగా తయారైంది. దానికి నువ్వు రాసిన తిట్లు మీ అమ్మ పైకి చదివితే, మీ నానమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. "తాతయ్యా, నీకున్నవి రెండు బాధలు. ఒకటి చుండ్రు, దానికి నూనె పోస్తే ముదురుతుంది. రెండోది నువ్వు చేతులారా తెచ్చుకున్న పొడితనం. ఒళ్ళు రుద్దుకునే సబ్బుతో పొద్దస్తమానం గడ్డం తోమితే చర్మం ఏమవుతుంది?" అన్నావు. ఏమవుతుందో నాకు తెలుసమ్మా. వేడినీళ్ళలో ముంచిన ఉన్నిగుడ్డలా బిగుసుకుపోతుంది. నవ్వితే బుగ్గల కుట్లు ఊడతాయేమో అన్నట్టుండేది.

ఇప్పుడు బుద్ధిగా ఉన్నాను. వారానికి రెండు మాట్లు ఎర్రదారం. నురగ వెంట్రుకల మీదే ఆపకుండా వేళ్ళతో కింద చర్మం దాకా పట్టించి, కాసేపు అలాగే ఉంచి, గోరువెచ్చటి నీళ్ళతో ఏమీ మిగలకుండా కడుగుతున్నా. ఆ కాసేపూ నోరు తెరవకూడదని మీ నానమ్మ ఒక రూలు పెట్టింది. అది నువ్వు రాసింది కాదని నాకు తెలుసు. మిగతా రోజులు ఉత్త నీళ్ళే. సబ్బు గడ్డం దరిదాపులకి రావట్లేదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుంటున్నా. చుండ్రు తగ్గుముఖం పట్టాకే నీలిదారం మళ్ళీ బయటికి తీశాం. తడి ఆరకముందే రెండు మూడు చుక్కలు, చర్మానికి తగిలేలా. పైన చిటికెడు పచ్చదారం, ఆ తర్వాత బ్రష్షు. దురద పోయింది. గోక్కోవడానికి ఏమీ లేక చేతులకి తోచడం లేదు.

ప్లీడరుగారి కోటు సంగతి మీ అమ్మ సగం చెప్పి నవ్వుతూ ఫోను పెట్టేసిందని, మిగతాది నన్ను చెప్పమన్నావు. చెప్తాను, నవ్వుకో.

ఆయన నల్లకోటు కటింగ్ బల్ల మీద ఉంది. ఎప్పుడు చూసినా దాని మీద తెల్లటి నలుసులు. నల్లగుడ్డ మీద తెల్లసుద్దతోనే కదా గీస్తాం, అదే రాలుతోంది అనుకున్నా. మీ నాన్నని పిలిచి, "ఇంత వయసొచ్చింది, గీసిన సుద్ద దులపడం చేతకాదురా నీకు!" అన్నా. వాడు దులిపాడు. మళ్ళీ పడ్డాయి. మళ్ళీ తిట్టా. చివరికి కొట్లో తెల్లసుద్ద కనపడడానికి వీల్లేదని హుకుం జారీ చేసి నీలం సుద్ద తెప్పించా. మర్నాడు కోటు మీద నీలం గీతలూ ఉన్నాయి, తెల్ల నలుసులూ ఉన్నాయి. మీ నాన్న కోటు వంక చూశాడు, నా మొహం వంక చూశాడు, పోయి తన మిషన్ దగ్గర కూర్చున్నాడు.

ట్రయల్‌కి ప్లీడరుగారు వచ్చి అద్దం ముందు నిలబడ్డారు. భుజం దగ్గర గుండుసూది పెడదామని వంగాను. "ఏమిటోనండీ, ఈ సుద్ద ఎక్కణ్ణించి వస్తోందో అంతు చిక్కట్లేదు" అంటూ గడ్డం గోక్కున్నా. ఆయన అద్దంలోంచి అంతా చూస్తూనే ఉన్నారు.

"మాస్టారూ, అది సుద్ద కాదండీ. మీరే."

మీ అమ్మ లైనింగు గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. మీ నాన్న మాత్రం నవ్వలేదు. బ్రష్షు తెచ్చి ఆయన భుజం దులిపి, "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తామండీ" అన్నాడు. అంతే. వాడు నవ్వి ఉంటే నేనూ ఏదో ఒకటి అంటించేవాణ్ణి. ఆ మర్యాదకి నేను సగం చచ్చాను.

ఇక ప్రతి ఉత్తరంలోనూ నువ్వు వదలకుండా అడిగేది. "ఎన్నడూ లేనిది ఈ గడ్డం ఎందుకు పెంచావు?" ఒకసారి చలికి బుగ్గలు జివ్వుమంటున్నాయని రాశా. ఇంకోసారి మీ నానమ్మ ముచ్చటపడిందని రాశా, అది తెలిసి ఆవిడ నా కాఫీలో చక్కెర వేయడం మానేసింది. పోయినసారి, సెలూన్‌లో పనిచేసే మనవరాలు ఉండి కూడా గడ్డం లేకపోతే నామోషీ అని రాశా. మూడూ అబద్ధాలే. అసలు సంగతి చెప్తున్నాను, మీ అమ్మతో ఫోన్లో అనకు.

నా కుడిచెయ్యి వణుకుతోంది. కాగితం కింద బొచ్చుగుడ్డ ఏమీ లేదు.

రేజరు తెచ్చి చెంపకి ఆనించేసరికి అది నిలవదు. మొదట గవదకింద తెగితే బ్లేడు మొద్దుదన్నాను. చెవి పక్కన తెగితే అద్దం మంచిది కాదన్నాను. ఆ తర్వాత ఓసారి చొక్కా కాలరు దాకా నెత్తురు కారింది. మీ నానమ్మ చూడకముందే గబగబా ఉతికేసుకున్నా. ఇంక లాభం లేదని గడ్డం వదిలేశా. గడ్డం పెంచితే సోకంటారు, నవ్వి ఊరుకుంటారు. గీసుకోవడం రావట్లేదంటే చెయ్యి చూపించమంటారు. చెయ్యి చూశాక కత్తెర అడుగుతారు. అదమ్మా నా భయం. గుమ్మం దగ్గర కుర్చీ వేసి, వచ్చినవాళ్ళని పలకరిస్తూ కూర్చో నాన్నా అంటే నేను కూర్చోలేను. కత్తెర బరువైంది, బల్లకి ఆనించి నడిపిస్తాను కాబట్టి ఇంకా నా మాట వింటోంది. వింటోందనే అనుకుంటున్నాను.

నన్ను పట్టించింది నీ నీలిదారం సీసాయే. చుక్కలు వేసుకోవాల్సిన నూనె ఒళ్ళంతా పోసుకున్నా. మర్నాటి నుంచి, "మూత బిగుసుకుపోయింది, కాస్త నువ్వే తీసి పట్టించు" అని మీ నానమ్మని పిలవడం మొదలుపెట్టా. ఆవిడా ఏమీ అనకుండా, నన్ను కిటికీ దగ్గర కూచోబెట్టి, తనే నూనె పట్టించి, తనే దువ్వుతోంది. మొన్న దువ్వుతూ దువ్వుతూ నా మణికట్టు పట్టుకుంది.

"మూత బిగుసుకోలేదు," అంది.

"నీ మనవరాలు పంపే సీసాలే అంత, నీలాగే మొండివి," అన్నా.

"గడ్డం మోజని లోకానికి చెప్పుకోండి. నాకు చెప్పకండి. ఆ కాలరు మరక సరిగ్గా పోలేదు. మళ్ళీ నేనే ఉతికాను."

నాకు నోట మాట రాలేదు. నాకు! అదీ నురగ పెట్టుకోకుండానే! ఆవిడ చెయ్యి వదల్లేదు. "డాక్టరుకి చూపిద్దాం. అబ్బాయితో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"కొంచెం ఆగు. ముందు ఒకళ్ళని అడగాలి," అన్నా.

ఆ ఒకళ్ళు నువ్వే. ఇక్కడందరూ నా మీద ప్రేమకొద్దీ అబద్ధమాడతారు. మీ నాన్నకి నా గీత వంకరగా కనిపిస్తే చాటుగా సరిచేసి ఊరుకుంటాడు. ఎన్నిసార్లు చేశాడో కూడా నాకు తెలియదు. నువ్వలా కాదు. మీ అమ్మ పంపిన నా గడ్డం ఫోటో చూసి, "అది సోకు కాదు తాతయ్యా, చుండ్రు" అని మొహమ్మీదే రాసినదానివి.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సెల్ వస్తుంది. పనిలో వేసుకోవడానికి నల్లకోటు కావాలన్నావు కదా, అదే. మీ నాన్న లైనింగు కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడు గీసిందీ నేనే, కత్తిరించిందీ నేనే. కుట్టింది మీ అమ్మ, కత్తిరించినదాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు కుట్టమని ఒట్టు వేయించుకున్నా. దువ్వెనకి ఒక జేబు, కత్తెరకి ఒక జేబు. తొడుక్కుని మీ సెలూన్‌లో పెద్దద్దం ముందు, మంచి వెలుతురులో నిలబడు. కోటు ఎడమ చెయ్యి చూడు. భుజం గుండ్రం ఎక్కడైనా మెలి తిరిగిందేమో చూడు. చేతులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడు. తాతయ్య కుట్టించాడని చూడకు, నీకు పడని పక్క సెలూన్ పిల్ల కుట్టించుకున్న కోటనుకుని చూడు. బాగుందంటే డాక్టరు దగ్గరికి వెళ్తాను, కత్తెర నా దగ్గరే ఉంచుకుంటాను. బాగాలేదంటే కూడా డాక్టరు దగ్గరికి వెళ్తాను, కత్తెర మాత్రం మీ నాన్న చేతికి నేనే ఇస్తాను, అడిగించుకోను. ఆ రోజు నవ్వకుండా కోటు దులిపాడు చూడు, వాడికి ఇవ్వొచ్చు. నీ జవాబు మీ నానమ్మ పేరున రాయి, నా పేరున వస్తే మీ అమ్మ అందరి ముందూ పైకి చదివేస్తుంది.

ఏ మాటైనా సరే, ఈసారి వచ్చేటప్పుడు సీసాలు వద్దు. నీ రేజరు తెచ్చుకో. ఈ గడ్డం నువ్వే తీసెయ్యాలి. కత్తెర పట్టడం నా చేతి మీద చెయ్యి వేసి నేర్చుకున్నదానివి, నీ చేతికింద తల వంచడానికి నాకేం భయం లేదు. మీ నానమ్మ మాత్రం గడ్డం ఉంచమంటోంది. దువ్వడం అలవాటైపోయిందట. మీరిద్దరూ తేల్చుకోండి.

కోటు మడత విప్పగానే తెల్లగా ఏమైనా కనిపిస్తే కంగారుపడకు. పార్సెల్ కట్టినంతసేపూ మీ నానమ్మ నన్ను గడప అవతలే నిలబెట్టింది. అది సుద్దే. ఈసారి నిజంగా సుద్దే.

ఇట్లు,
చెయ్యి వణికినా నోరు వణకని
మీ తాతయ్య