జేబుగడియారం మీద పసుపు

బాపూ,

పొద్దున సన్నగా వాన పడింది. పగిలిన పత్తి తడిసింది. ట్రాక్టర్ కడిగి, కొడవళ్ళు నూరి దసరా పూజకు పెట్టాను. నువ్వు చనిపోయిన ఏడాది మేం పండుగ చేయలేదు కాబట్టి, బంగారు జేబుగడియారాన్ని నా చేతులతో పూజకు పెట్టడం ఇదే మొదలు.

నువ్వు ఏటేటా మూత మీద మెత్తిన పసుపు గట్టిపడిపోయింది. తడిబట్టతో తుడిస్తే కింద ఉర్దూ అక్షరాలు కనిపించాయి. తాతకు దొర ఇచ్చాడని చెప్పేవాడివి కదా, దొర పేరే అనుకున్నాను. సాయంత్రం వరంగల్ నుంచి జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చిన నీ దోస్తు ఖాజా మామకు, వాకిట్లో అందరూ వినేలా, "దొర పేరు చదువు మామా" అని ఇచ్చాను.

ఆయన చదవడానికి జేబులోంచి కళ్ళద్దాలు కూడా తీయలేదు.

"దొరది కాదు బిడ్డా, మా తాత పేరు. నిజాం మీదికి మిలిట్రీ వచ్చిన పోలీస్ యాక్షన్ల ఊరిడిసి పోతా, దాసిపెట్టుమని మీ తాతకిచ్చిండు. మళ్ళొచ్చి అడిగితే, ఏం గడియారం అన్నడట."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అడుగకపోతివి మామా?"

"మీ బాపు ఎంత సంబురంగ చూపెట్టేటోడు! ఎట్ల అడుగుత?"

ఆ పసుపు భక్తితో మెత్తావో, పేరు కనబడకూడదని మెత్తావో నాకు తెలియదు. గడియారం మామ చేతిలోనే ఉంచి తల వంచుకున్నాను. ఆయన నాకు జమ్మి ఇచ్చి, ఎప్పటిలాగే గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. అన్నానికి ఉండమనడానికి నాకు నోరు రాలేదు. మామ గడియారం జేబులో వేసుకుని ఏడు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.