పెరుగన్నంలోకి మూడు చీజ్‌లు

ట్రాయ్, అక్టోబర్ 2009, బుధవారం

రేడియేషన్‌తో మా ఆయన నాలుకకు రుచి పోయి నాలుగు నెలలు. ఆవకాయ తగిలితే నోరంతా మంట. అందుకే పక్కింటి లెబనీస్ ఆవిడ ఇచ్చిన చీజ్‌లు ఇవాళ పెరుగన్నంలో నంజుకోవడానికి పెట్టాను. ఫెటా తిని, "సుద్దముక్కలా ఉంది" అన్నారు. నబుల్సీ కూడా అంతే. హలూమీని పెనం మీద వేశాను. చీజ్ అయ్యుండీ కరగలేదు, అట్టులా ఎర్రగా కాలింది! అది పళ్ల కింద కిర్రుమనగానే ఆయన నమలడం ఆపేశారు.

"ఏమిటే ఇది, ఉప్పు కషాయం!"

నిజానికి ఫెటా, నబుల్సీల్లోనూ ఉప్పు తక్కువేం కాదు, మరి అది ఈయనకి తెలియలేదేం? రేపటికి ఈ రుచి నిలుస్తుందో లేదో...

ముప్పై ఏళ్లుగా నా వంటని ఆయన "ఉప్పు కషాయం" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇవాళ మళ్లీ అనిపించుకోవాలని ఇంకో ముక్క కాల్చాను.