కింది వాటా ఎవరి మోకాళ్ళది?

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వూ, నా మరదలూ కులాసా అని తలుస్తాను. తోడల్లుడివి కాబట్టి ముందు నీకే చెబుతున్నా. ఆసుపత్రిలో కొత్త మందు ప్రయోగంలో చేరి, మోకాళ్ళకి గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు చేయించుకున్నాను కదా? కీలు మధ్య అరిగిపోతున్న మృదులాస్థి పొర అరగడం మానేసింది సరికదా, మందం పెరిగిందట! డాక్టరు స్కాను చూపించి "కుర్రాడి మోకాలండీ మీది" అన్నాడు. నిన్న ఆసుపత్రి మెట్లు ఊతం లేకుండా ఎక్కేశాను. నీ మోకాళ్ళెలా ఉన్నాయి, పాపం?

ఇట్లు,
గెంతుతున్న మీ అన్నయ్య

తా.క. మీ వదిన ఆ స్కాను బొమ్మకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. మా పెళ్ళి ఫొటో తీసేసి.

---

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ "పాపం" అందింది. కడుపు నిండింది.

ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పండి. జీవితమంతా బస్సు కుదుపుల్లో నిలబడి టిక్కెట్లు కొట్టిన కండక్టర్ని నేను. మెత్తటి కుర్చీలో కూర్చుని సంతకాలు గీకిన ఆఫీసరు మీరు. అరిగింది ఎవరి మోకాలు? పెరిగింది ఎవరి మోకాలు? ఆఖరికి మందు కూడా హోదా చూసే పనిచేస్తుందా? ఏం సమాజమండీ ఇది! కుళ్ళుకుంటున్నాననుకుంటారేమో. ఇది కుళ్ళు కాదు, సిద్ధాంతం.

అన్నట్టు, అత్తగారు మా దగ్గరే ఉన్నారు కదా, మీ ఉత్తరం చదివి వినిపించాను. మన రెండు కుటుంబాలూ త్వరలో ఆవిడ మేడ ఇంట్లోకి మారబోతున్నాం కదా, "ఎవరి మోకాళ్ళు అధ్వానమో వాళ్ళకే కింది వాటా" అన్నారు, గుర్తుందా? గెంతే అల్లుడు ఇక మేడమీదికేనట. అక్కడ లిఫ్టు లేదు.

ఇట్లు,
ఇంకా కుంటుతున్న తమ్ముడు

తా.క. "గెంతుతున్న" అన్న దగ్గర మళ్ళీ చదవమన్నారు. గట్టిగా చదివాను.

---

తమ్ముడూ,

కొంప ముంచావు కదయ్యా! పొర పెరిగిన మాట నిజం. నొప్పి మాత్రం వీసమెత్తు తగ్గలేదు. డాక్టర్ని నిలదీస్తే "పొర పెరగడం వేరు, నొప్పి తగ్గడం వేరు. రెండోదానికి మేం హామీ ఇవ్వలేదండీ" అన్నాడు. మెట్లు ఎక్కిన మాటా నిజమే. దిగింది మాత్రం కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ. వెనక జనం ఆగిపోయారు. మేడమీద పెడితే ఇక నేను కిందికి దిగేది నలుగురి భుజాల మీదే. అత్తగారికి నువ్వే నచ్చజెప్పాలి.

ఇట్లు,
నీ మీదే ఆశ పెట్టుకున్న అన్నయ్య

తా.క. ఆ ఫ్రేము పీకేద్దామంటే స్టూలు ఎక్కలేకపోతున్నాను.

---

అన్నయ్యగారూ,

నమ్మను. గొప్పలకో మోకాలు, వాటాలకో మోకాలా? పండగ బోనసు అడిగినప్పుడు నష్టాలు, పేపర్లో ఫొటో వేయించుకునేటప్పుడు లాభాలు చూపించే యాజమాన్యం బుద్ధి ఇది! స్కాను చెప్పిందే సాక్ష్యం. ఇక అప్పీలు లేదు.

ఇట్లు,
కింది వాటా తమ్ముడు

తా.క. మా ఆవిడ ఆ స్కాను బొమ్మ మాటే రోజూ ఎత్తుతోంది. "చెప్పుకోడానికి మన గోడ మీద ఏముంది?" అంటోంది. నేను సమ్మెలో అరుస్తున్న ఫొటో ఉంది. అది లెక్కలోకి రాదట.

---

తమ్ముడూ,

ఇవాళ నర్సు ఒక మాట చెప్పింది. మా ప్రయోగంలోనే గురువారం వచ్చే జట్టులో ఒకాయన ఉన్నాడట. సూదులు వేయించుకునేవాళ్ళందర్నీ కూడగట్టి సంఘం పెట్టాడట. "ముందుకి జరగండి, ముందుకి జరగండి, ముందు సీట్లు ఆడవాళ్ళకి వదలండి!" అంటూ వరస నడుపుతాడట. ఎవరై ఉంటారంటావు?

ఇట్లు,
మంగళవారం జట్టు అన్నయ్య

తా.క. ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడట.

---

అన్నయ్యగారికి,

అవును, నేనే. మీరు చేరారని వదిన ఫోన్లో చెప్పిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. వెళ్ళి చేరిపోయాను. మొదటి సూదికే నొప్పి ఎగిరిపోయింది.

నిన్న ఆసుపత్రివాళ్ళు ప్రయోగం గుట్టు విప్పారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేదో డాక్టర్లకి కూడా తెలియకుండా చీటీలు తీసినట్టు ఇచ్చారట. మీది మందు. నాది ఉప్పునీళ్ళు! చీటీ కూడా ఆఫీసరు పక్షమే. నా పొర ఎంత అరిగిందో అంతే ఉంది.

అంటే స్కాను ప్రకారం కింది వాటా నాదే. అత్తగారూ ఒప్పుకున్నారు. కానీ సమ్మెలో డిపో గేటు ముందు గొంతు చించుకున్నవాణ్ణి నేను, "మా నొప్పికి మీ కాగితాలు సాక్ష్యమా?" అని. ఇప్పుడు మీ మోకాలు నన్ను అదే అడుగుతోంది. నొప్పి మీది. కింది వాటా మీది. అత్తగారితో వాదించి ఒప్పించాను. "మీతో పడలేను అల్లుడూ" అన్నారు.

ఇట్లు,
మేడమీది తమ్ముడు

తా.క. ఉప్పునీళ్ళని తెలిసినప్పట్నుంచి ఎడమ మోకాలు సలుపుతోంది. అయినా మాట తప్పను. ఆ ఫ్రేము మాత్రం నేనే వచ్చి, స్టూలెక్కి దింపి పట్టుకుపోతాను. మేడమీద మా గోడకి తగిలించి, వచ్చినవాళ్ళకల్లా నా మోకాలే అని చెబుతాను. మీరెలాగూ పైకొచ్చి చూడలేరు.