మూడో రాయి దాటాక

3వ తేదీ, రోడ్డు పక్క డేరా

చిరంజీవి బావమరిది ఇంజనీరుకి నీ మేస్త్రి బావ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నా ఆరుగురు కూలీలూ క్షేమం. కల్వర్టు కూడా క్షేమమే. అదే అసలు గొడవ.

నీ కాగితంలో "మూడో కిలోమీటరు రాయి దాటాక అరవై మీటర్లు" అని ఉంది. రాళ్ళన్నీ నాచు పట్టి ఒక్క దాని మీదా అంకె కనపడలేదు. అయినా నీ బావ అంకెలు చూసి బతికేవాడా? మెయిన్‌రోడ్డు మలుపు దగ్గర్నుంచి ట్రాక్టరు మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అరవై దగ్గర కల్వర్టు లేదు, డెబ్బై ఎనిమిది దగ్గర ఉంది. పద్దెనిమిది మీటర్ల తేడా మీ ఆఫీసుకి ఒక లెక్కా అని దిగిపోయాను.

నీ డ్రాయింగులో పగిలిన సిమెంటు పైపు ఉంది. ఇక్కడ పైపే లేదయ్యా. తాతలనాటి రాతి బండలు పరిచి ఉన్నాయి. సమ్మెటతో ఒకటిచ్చి చూశాను, ఖంగుమంది. నువ్వు చెప్పిన కొత్త పైపు పెట్టాలంటే ముందు వీటిని పగలగొట్టాలి. ఇది నిజంగా పాడైందా అని ఇక్కడి ఊరివాళ్ళని అడిగితే "చాలా పాడైంది" అని ముక్తకంఠంతో అన్నారు. నాకైతే నమ్మకం కుదరడం లేదు. బాగున్నదాన్ని పగలగొట్టి బాగుచేయమంటావా? జవాబు వెంటనే పంపు. మబ్బులు అప్పుడే తొంగి చూస్తున్నాయి.

ఇట్లు,
నీ బావ

తా.క.: తమ్ముడూ, నేను అక్కని. మీ బావ సామానుకి కాపలా అంటూ డేరా వదలడు, ఉత్తరాలూ మాసిన బట్టలూ ఒకే మూట కట్టి ఇసుక ట్రాక్టరు మీద ఇంటికి పంపిస్తాడు. ఉతికేదీ నేనే, పోస్టు చేసేదీ నేనే గనక నాలుగు ముక్కలు చేర్చే హక్కు నాకుంది. ఎక్కడెక్కడివో బాగుచేస్తున్నారు, మా ఇంటి పక్క కల్వర్టు సంగతేంటి? మధ్యలో కుంగిపోయి నోరు తెరిచింది. నిన్న పాలవాడు సైకిలుతో సహా అందులో పడ్డాడు. వాడికి దెబ్బలు, మాకు నల్ల కాఫీ. మేం ఈ ఇంటికి మారి ఆర్నెల్లయింది, ఒక్కపూట భోజనానికి రాలేవా?


7వ తేదీ, ఆఫీసు

బావగారికి నమస్కారాలు. అక్కకి కూడా.

ఫైల్లో పైపు ఉంది. ఫైల్లో ఉన్న పైపు రోడ్డు కింద లేకపోతే తప్పు రోడ్డుది. మధ్యలో ఎవరో చెప్పాపెట్టకుండా బండలు వేసుంటారు. రికార్డులో లేని బండలు లేనట్టే లెక్క. పగలగొట్టేయండి. కొత్త పైపు ఎల్లుండి లారీలో వస్తుంది.

బావగారూ, మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాననుకోండి. ఇది నేను ఒంటరిగా చేస్తున్న మొదటి పని. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇరవై ఎనిమిదో తేదీన పెద్దసారు స్వయంగా వచ్చి కొలుస్తారు. పని పూర్తయి కాగితానికి సరిపోతే ఖాయం చేస్తారు. లేదంటే మళ్ళీ ఇంటింటికీ తిరిగి పిల్లలకి లెక్కలు చెప్పుకోవడమే. అందుకని ఒక్క రూపాయి ఎక్కువ అడక్కండి, ఒక్క గీత మార్చమనకండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: అక్కా, ప్రస్తుతానికి మంజూరైంది మూడో రాయి దగ్గరది ఒక్కటే. మీ కల్వర్టు వంతు తర్వాతెప్పుడో వస్తుంది. అయినవాళ్ళ గుమ్మం ముందు పని చేయించుకున్నాడని పేరొస్తే నా గతేం కాను? అందుకే మీ ఇంటి ఛాయలకి కూడా రావడం లేదు. భోజనం ఉద్యోగం ఖాయమయ్యాక.


13వ తేదీ, డేరా

బావమరిదికి బావ ఆశీస్సులు.

బండలు పగిలాయి. వాటితోపాటు రెండు సమ్మెట కర్రలు విరిగాయి, ఒక కూలీకి నడుం పట్టేసింది. నీ పైపు దింపి, గట్టెక్కి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీ డ్రాయింగులో ఉన్నది ఒక్క గెంతులో దాటే పిల్లకాలవ. ఇక్కడున్నది గేదెలు మెడలోతు మునిగే వాగు. దానికి ఈ పైపా? ఏనుగు దాహానికి చూరునీళ్ళా?

మళ్ళీ ఊరివాళ్ళని నిలదీశాను. "మీరొచ్చే దాకా బాగానే ఉందండీ. అడక్కుండా ఆఫీసే వచ్చి చేస్తానంటే వద్దంటామా?" అన్నారు. ఇప్పుడేమో సాయంత్రాలు కూర్చోవడానికి పక్క గోడలు కూడా కావాలంటున్నారు. నవ్వకు, వాగు ఒడ్డు కోసుకుపోకుండా గోడలు నిజంగానే కావాలి. రెండు పెద్ద పైపులు, పక్క గోడలు. డ్రాయింగు మార్చి పంపు. రోడ్డు మధ్య ఇంత గొయ్యి తవ్వి కూర్చున్నాను, వెనక్కీ పోలేను, ముందుకీ పోలేను.

నీ బావ

తా.క.: పెద్ద పైపుల లారీ మా ఇంటి మీదుగానే పోవాలి. మా గోతిలో దిగబడితే దాన్ని లేపడానికి ఇంకో ఎస్టిమేటు వేసుకుందువుగాని. నా వైపు మాత్రం ఒక మంచి కబురు. మీ బావ చొక్కాలతో సగం రోడ్డు ఇంటికొస్తుంది కదా, అరిగిన పలక మీద బాదీ బాదీ నా నడుం పోయింది. రెండు నెలల కిందట రోడ్డు పక్క గుంటలో దిక్కులేక బోర్లా పడున్న పొడుగాటి రాయి ఒకటి కనపడింది. పాలవాడి చేత పెరట్లోకి దొర్లించుకున్నాను. దాని మీద ఉతికితే బట్టలు మల్లెపువ్వులే. మీ బావ ఇంకా చూడలేదు. ఆయన పెరట్లోకి తొంగిచూస్తే కదా!


16వ తేదీ, ఆఫీసు

బావగారికి నమస్కారాలు.

మారిన డ్రాయింగుతో పెద్దసారు ముందు నిలబడ్డాను. "పోయినేడు పిల్లకాలవ, ఈ ఏడు వాగెలా అయిందోయ్?" అన్నారు. "ఎదిగింది సార్" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది, నేనేం చేయను? పెన్ను మూత తీసి సంతకం పెట్టారు. "ఇదే ఆఖరు" అన్నారు.

రెండు పెద్ద పైపులు బయల్దేరాయి. మొదటి పైపు తిరిగి తీసుకోండని స్టోర్సు గుమాస్తా కాళ్ళావేళ్ళా పడ్డాను. పంపించడానికి ఫారం ఉందట, తిరిగి తీసుకోవడానికి లేదట. అక్కడే ఎక్కడో పడేసి ఉంచండి. కళ్ళు మూస్తే పైపులు, తెరిస్తే క్యాలెండరు. కుర్చీలో కూర్చోలేకపోతున్నాను బావగారూ, నుంచోనూ లేకపోతున్నాను.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: అక్కా, రాయి దొరికినందుకు సంతోషం. మన కుటుంబంలో అనుకున్న పని పైసా ఖర్చు పెరగకుండా పూర్తయింది నీకొక్కదానికే.


22వ తేదీ, డేరా

బావమరిదికి ఆశీస్సులు.

నీ డ్రాయింగులో బాణం గుర్తు ఉంది చూడు, నీళ్ళు ఎడమ నుంచి కుడికి పారతాయని? వాగులో నిలవ నీళ్ళకి దిక్కు తెలియక, దాన్ని నమ్మి నీళ్ళొచ్చే వైపు గోడలు లేపాను. నిన్న చిన్న జల్లు పడింది. నీళ్ళు కుడి నుంచి ఎడమకి పారాయి. వాటికి చదువు రాదు కదా, డ్రాయింగు చూసుకోలేదు. ఇప్పుడు అవతల వైపు కూడా గోడలు కట్టాలి. పన్నెండు బస్తాల సిమెంటు కావాలి. కోప్పడకు. కూలీలు ఆకాశం చూసినప్పుడల్లా ఇంటికి పోతామంటున్నారు, పగలంతా బతిమాలడానికే సరిపోతోంది.

నీ బావ

తా.క.: తమ్ముడూ, ఈసారి వేళాకోళం లేదు. నిన్నటి జల్లుకి మా కల్వర్టు ఇంకో అడుగు కుంగింది. పక్కింటి కోడలికి నెలలు నిండాయి. ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆ గొయ్యి దాటాలి. గట్టి వాన ఒక్కటి పడితే జీపు కాదు కదా, మనిషి కూడా దాటలేడు. నాకు భయంగా ఉంది. ఇంజనీరు తమ్ముణ్ణి పెట్టుకుని ఇంకెవరికి చెప్పుకోను?


24వ తేదీ, ఆఫీసు

బావగారికి,

మూడోసారి పెద్దసారు గది తలుపు తట్టే ధైర్యం లేదు. పన్నెండు బస్తాలూ నా జీతంలోంచి కొని పంపాను. ఒళ్ళు కాలిపోతోంది, జ్వరమేమో.

ఒక్క విషయం. పెద్దసారు టేపు సొంతంగా తెచ్చుకుంటారు. కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి కొలవడం ఆయన అలవాటు. ముందు ఆ రాయినే చూస్తారు. దాని నాచు గీకించి, తెల్ల రంగు వేయించి, నల్లగా మూడు అంకె వేయించండి. ఆ ఒక్కటైనా కాగితంలో ఉన్నట్టు ఉండనివ్వండి.

బావమరిది

తా.క.: అక్కా, నీ మాట చదివాక అన్నం సయించలేదు. అందర్నీ అడిగాను. కొత్త ఫైలు తెరిచి పని మొదలయ్యేసరికి ఏడాదట. ఆ పుట్టే బిడ్డ నడుచుకుంటూ వచ్చి చూస్తుంది. నాకు సిగ్గుగా ఉంది.


30వ తేదీ, ఇల్లు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఈసారి ఉత్తరం నాది, తాజాకలం మీ బావది. ఎందుకో చదివితే తెలుస్తుంది. కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టు రంగు వేద్దామని మీ బావ ఆ రాయి మీద నాచు గీకాడు. కింద అంకె బయటపడింది. నాలుగు! రంగు డబ్బా అక్కడే వదిలేశాడట. రోడ్డు వెంట వెనక్కి నడిచాడు. రెండో రాయి ఉంది. నాలుగోది ఉంది. రెంటికీ నడుమ, మా ఇంటి పక్కన, ఖాళీ గుంట ఉంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి మొట్టమొదటిసారి పెరట్లో అడుగుపెట్టాడు. నేను ఆయన చొక్కా ఉతుకుతున్నాను. "ఆ రాయి తిప్పు" అన్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం.

మూడు.

రాయి తెచ్చింది నేనే, ఒప్పుకుంటాను. కానీ గుంట దగ్గర్నుంచి అరవై మీటర్లు కొలిస్తే ఎక్కడ తేలిందో తెలుసా? నెల్లాళ్ళుగా నీకు మొత్తుకుంటున్న గోతిలో తేలింది. నువ్వు మంజూరు చేయించింది మా కల్వర్టేరా తమ్ముడూ! పగిలిన పైపు ఇదే, పిల్లకాలవ ఇదే, నీ బాణం గుర్తూ ఇక్కడ సరిగ్గానే ఉంది. పేరు పోతుందని భయపడకుండా ఒక్కపూట భోజనానికి వచ్చుంటే, గుమ్మంలోనే అన్నీ కనపడేవి.

అప్పటికి చేతిలో మూడు రోజులున్నాయి. తిరిగి తీసుకోని పైపు ఉంది కదా, దాన్ని దొర్లించుకొచ్చారు. కొలిచి చేసినట్టు సరిపోయింది. సరిపోదా మరి, చేసిందే దీనికోసం! నాలుగో రాయి ఊరివాళ్ళు కూడా మొహం చెల్లక పారలు పట్టుకుని వచ్చారు. ఇరవై ఏడు సాయంత్రానికి రోడ్డు పూడ్చారు, మీ బావ రాయిని మళ్ళీ దాని గుంటలో పాతాడు. ఆ వెంటనే కుండపోత. తెల్లవారేసరికి పక్కింటి కోడలికి నొప్పులు. జీపు కల్వర్టు మీద చక్కగా దాటి వెళ్ళింది. అది మలుపు తిరిగే దాకా నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది.

పదింటికి పెద్దసారు దిగాడు. నీకు జ్వరమని చెప్పాడు. అది ఏ జ్వరమో నాకు తెలుసు. మూడో రాయి దగ్గర టేపు పెట్టి అరవైకి వచ్చాడు, కాగితం చూశాడు. "రెండు పెద్ద పైపులేవి? గోడలేవి?" అన్నాడు. మీ బావ నా వెనక్కి నక్కాడు. నేనే చెప్పాను. "అవి కిలోమీటరు అవతల ఉన్నాయి సార్. లెక్క తప్పి ముందు అక్కడ కట్టాం, తర్వాత ఇక్కడ కట్టాం." లెక్క ఎందుకు తప్పిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జీపెక్కి వెళ్ళి అదీ చూసొచ్చాడు. బానెట్ మీద కాగితం పెట్టుకుని చాలాసేపు కూడికలు వేశాడు. "నా సర్వీసులో ఒక ఫైలుకి సగం కల్వర్టు వచ్చిందే ఎక్కువ. ఒక ఫైలుకి రెండు ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. నీ ఉద్యోగం ఖాయం. కాకపోతే ఆర్నెల్లపాటు నిన్ను కుర్చీలో కూర్చోనివ్వడట, రోడ్ల మీదే తిప్పుతాడట. ఇక భోజనానికి రాక చస్తావా?

వెళ్తూ మూడో రాయి దగ్గర ఆగి అరచేత్తో నిమిరాడు. "రంగు కాదిది. ఇంత తెల్లగా ఎలా ఉంచారమ్మా?" అన్నాడు. "రోజూ సబ్బు పెడతాం సార్" అన్నాను. అబద్ధం కాదుగా. ఈ రోడ్డు మీద రాళ్ళన్నీ ఇలాగే ఉండాలని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఆర్డరు నీ పేరిటే వస్తుంది.

నా ఉతుకుడు రాయి పోయిందని నేను బెంగపడుతున్నాను. అందుకని నెలకొక రాయి చొప్పున మా పెరట్లోకి పంపిస్తూ ఉండు. మల్లెపువ్వులా చేసి వెనక్కి పంపిస్తాను. నీ పనీ అవుతుంది, నాదీ అవుతుంది.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: బావమరిదీ, రాళ్ళు ఒక్కొక్కటే పంపించు. రెండు కలిపి పంపకు. తిరిగి పాతేది నేనే.