ఎనిమిదో నంబరు జెర్సీ

రంగూన్, 1988. ఆదివారం రాత్రి.

యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులోకి నన్ను హాఫ్‌బ్యాక్‌గా తీసుకున్న ఏడాదే కాలేజీలకి తాళాలు పడ్డాయి. ఇక ఆడతానో లేదో...

ఇవాళ అమ్మ దండెం మీద ఆరేసిన నా జెర్సీని గబగబా లోపలికి తెచ్చేసింది. దాని వీపు మీద ఎనిమిదో నంబరు ఉంది. ఎనిమిదో నెల ఎనిమిదిన సైనిక పాలన వద్దంటూ జనం వీధుల్లోకి వచ్చినప్పటి నుంచి ఆ అంకె చూస్తేనే సిపాయిలకి మంట.

"అది ఆట నంబరే అమ్మా!"

"ఆలకి ఆటేటి, నంబరేటి? ఎదురింటి కుర్రోడు కో మ్యోని అట్టుకుపోనేదేటి?"

బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఎందరు ఫార్వర్డులకి అడ్డం పడ్డానో, ఆ చేతికి అడ్డం పడలేకపోయాను.

అంకె ఊడింది. జెర్సీ అంతా వెలిసిపోయింది గానీ, అంకె కింద ఉన్న గుడ్డ మాత్రం ముదురు నీలంగా మిగిలింది. ఎనిమిది మునుపటికంటే స్పష్టంగా కనిపిస్తోంది.