చెయ్యెత్తే తీర్మానం

జూలై 2, ఉదయం 11
కుడిభుజం పట్టేసి మూడు నెలలు. చెయ్యి ఛాతీ దాటి లేవదు. చూసిన డాక్టర్లందరూ చీటీ రాసేరే గాని నన్నొక్క ముక్క అడగలేదు. దీని మీద పద్నాలుగు వ్యాసాలు రాసేను!

ఇవాళ ఫిజియోథెరపీ అమ్మాయి ఫణిశ్రీ అడిగింది: "ఈ చేత్తో మీకేటి చెయ్యాలనుందండీ?"

ఇదీ ప్రజాస్వామ్యం!

ఇరవైన మా చోడవరం పౌరసంఘం సమావేశం. 'రోగిని అడిగే వైద్యం చెయ్యాలి' అనే తీర్మానం నాదే. దానికి చెయ్యెత్తి ఓటెయ్యాలన్నాను.

మధ్యాహ్నం 12
వేళ్లతో గోడ మీద పాకమంది. అది నా వ్యక్తిత్వానికి సరిపడదని అరగంట వాదించేను. కోప్పడలేదు. మీకిష్టమైన పనేటో చెప్పమంది. ఒకప్పుడు గోడలకి పోస్టర్లు అంటించేవాణ్ణన్నాను. అయితే రోజుకో పోస్టరు, నిన్నటికన్నా వేలెడు పైన, పెరటిగోడకి అంటించమంది.

జూలై 3, ఉదయం 6
మైదా జిగురు. పోస్టరు ఒకటి. నొప్పి. పోరాటమంటే నొప్పే!

జూలై 5
మూడో పోస్టరు. వేలెడు కాదు, గోరంత. అయినా పైనే.

జూలై 8
వాన. గోడ తడి. దీనికి బాధ్యుణ్ణి నేను కాను.

జూలై 10
పిండి లేదు. రొట్టెలకుంచింది గోడకి తినిపిస్తన్నారని నా భార్య రాజ్యం డబ్బా దాచేసింది. ఇంట్లోనే అణచివేత.

జూలై 13
పిండి దొరికింది. షరతేటి? పోస్టరు పైకెళ్లాలి. చెయ్యే పైకెళ్లాలని ఎక్కడుంది? పీటేసుకున్నాను. ఒకేసారి మూరెడు! ఫణిశ్రీకి ఫోటో పంపేను. కాళ్ల కింద అదేటండీ అని అడిగింది. జవాబివ్వలేదు. మౌనం రోగి హక్కు.

జూలై 17
స్టూలెక్కేను. పోస్టరు చూరుకి తగిలింది.

జూలై 20, సాయంత్రం 5
ఓటింగ్. అనుకూలం ఆరు, వ్యతిరేకం ఆరు. సమానమైతే వీగినట్టే. ఏడో చెయ్యి నాది. ఛాతీ దగ్గరే ఆగిపోయింది. చొక్కా గుండీ పెట్టుకుంటన్నాననుకున్నాడట అధ్యక్షుడు పరదేశి. గంటసేపు దెబ్బలాడేను.

నాకు ఎడంచెయ్యి కూడా ఉందన్న సంగతి ఇంటికొచ్చేక రాజ్యం చెప్పింది.

జూలై 22, ఉదయం 10
ఫణిశ్రీ తిడుతుందనుకుని జవాబులు రాసుకెళ్లేను. పీటెందుకేసుకున్నారని మాత్రం అడిగింది. నొప్పికి భయమేసిందన్నాను. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు, డైరీకి కూడా.

"నేనడగడం సగమేనండీ. మీరు చెప్పాల కదా," అని, రోజుకి వేలెడన్న లెక్క గోరంతకి తగ్గించింది.

వచ్చే నెల మళ్లీ ఓటింగ్ పెట్టమని పరదేశికి అర్జీ ఇచ్చేను. ఇవాళ మంగళవారం, ఏదీ మొదలెట్టకూడదంది రాజ్యం. ఇలాంటి మూఢనమ్మకాలు నాకు లేవు. శాస్త్రీయంగా ఆలోచించి, రేపు బుధవారం నుంచి పోస్టర్లు మొదలెడతన్నాను.