ఈ ఏడాది మా మొదటి గోలు

ఆదివారం, ప్రొద్దుటూరు

ఈ రోజు పులివెందులలో మా అమ్మాయిల జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్. ఎప్పటిలాగే బంతిని వెనక్కీ పక్కకీ తన్నుకోవడమే తప్ప, గోలు వైపు కొట్టే ధైర్యం ఒక్కరికీ లేదు. నా పక్కనున్న మా అత్తకు ఓపిక నశించింది. లేచి నిలబడి, వెనక కాపలా కాస్తున్న మా కూతురు శైలజను కేకేసింది.

"ఏంది పాపా, బంతిని ఊరంతా తిప్పుతాండారు? కొట్టు, పోతే పోనీ."

శైలజ ఉన్నచోటు నుంచే కొట్టింది. బంతి అవతలి గోల్‌కీపర్ తల మీదుగా వెళ్లి వలలో పడింది. మ్యాచ్ ఓడిపోయాం. అయినా బస్సులో దారంతా పాటలే. శైలజను ఇక ముందు వరుసలో ఆడిస్తానన్నాడు కోచ్.

"మరి వెనక ఎవరుంటారత్తా?" అన్నాను దిగులుగా.

"మనం కొడతాంటే వాళ్లు మన గోలు కాడికి యాడొస్తారు?" అంది.